దివాణం పోయింది, మక్తా మిగిలింది

రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి అని పెద్దలు చెప్పగా వింటూనే వున్నాం. అందులో నిజం వున్నది. కాని అది సగం నిజమే. రాజుగారు పోతే ఆయన భూమి ఎవరికి దక్కింది? పన్నుల బరువు ఎవరి నెత్తిన పడింది? ఈ రెండు ప్రశ్నలూ వేసుకోకపోతే గోదావరి జిల్లాల్లో కూలి, కౌలుదారు బతుకు మనకు అర్థం కాదు.

ముందుగా ఒక భ్రమ వదలాలి. మనం రాజాలని పిలిచిన వాళ్ళు నైజాము వంటి సంస్థానాధీశులు కారు. నైజాముకు స్వతంత్ర భారతంలో రాజభరణం ముట్టింది. అటువంటి రాజభరణాలన్నీ 1971లో రాజ్యాంగ సవరణతో రద్దయ్యాయి. పిఠాపురం రాజా వంటి వారు జమీందార్లు. 1802 నాటి శాశ్వత బందోబస్తు కింద ఇంగ్లీషు కంపెనీకి పేష్కషు కట్టి, రైతు దగ్గర శిస్తు వసూలు చేసుకొనే హక్కు పొందిన వాళ్ళు. పేష్కషు పెరగలేదు. రైతు కట్టే శిస్తు మాత్రం వున్నచోట వుండలేదు. దానిపైన నజరానాలు, మామూళ్ళు, వెట్టి. పెద్దాపురం జమీ బకాయిల్లో మునిగి 19వ శతాబ్దంలోనే సర్కారు పాలయింది. పిఠాపురం జమీ స్వాతంత్ర్యం దాకా నిలిచింది.

జమీందారీ ఎవరి దయవల్లా పోలేదు. 1937-38లో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచారు. 1938లో ప్రకాశం పంతులుగారి కమిటీ, భూమికి హక్కుదారు రైతేననీ, జమీందారు వట్టి శిస్తు వసూలుదారుడేననీ తేల్చింది. 1940లో మందసా జమీలో వీర గున్నమ్మ పోలీసు కాల్పులకు బలయింది. ఇన్నిటి తర్వాత గాని 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం రాలేదు. అప్పటి రెవెన్యూ మంత్రి కోనసీమకు చెందిన కళా వెంకటరావుగారు. 1949 సెప్టెంబరు నుంచి ఎస్టేట్లు వరుసగా సర్కారు స్వాధీనమయ్యాయి.

లక్షలాది రైతులకు రైత్వారీ పట్టా వచ్చింది. శిస్తు కట్టడానికి దివాణం గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడే పని తప్పింది. ఆ విజయాన్ని మనం తక్కువ చేయం. కాని చట్టంలోని మిగతా మాటలు కూడా చదవాలి గదా!

జమీందార్లకు నష్టపరిహారం ఇచ్చారు. చట్టం లెక్కగట్టిన వార్షిక మొత్తానికి పెద్ద ఎస్టేట్లకైతే పన్నెండున్నర రెట్లు, చిన్నవాటికి 30 రెట్ల దాకా. ఆ డబ్బు ఎవరిది? జనం కట్టిన పన్నులదే. పైగా సొంత భూములకు జమీందారుకే పట్టా దక్కింది. జీతగాళ్ళతో, కూలివాళ్ళతో దున్నించుకొన్నది కూడా సొంత సాగుగానే లెక్కకు వచ్చింది. అంటే ఏమయింది? పాలేరు కార్చిన చెమటే దొరగారి హక్కుకు సాక్ష్యమయింది! దున్నిన పాలేరుకు గాని, నాటిన ఆడకూలికి గాని ఆ చట్టం ఒక్క సెంటు రాసివ్వలేదు.

తర్వాత 1973లో భూసంస్కరణల చట్టం వచ్చి 1975 జనవరి 1 నుంచి అమలయింది. భూమి తరగతినిబట్టి కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు పరిమితి. చట్టం వచ్చేలోపలే పంపకాలు, బినామీ రాతలు చాలా వరకు కానిచ్చేశారు.

ఇవాళ డెల్టాలో చేలగట్ల మీద నడిచి చూడండి. చాలాచోట్ల పట్టా ఒకరిది, నాగలి యింకొకరిది. ఎకరాకు యిన్ని బస్తాలని మక్తా ముందే ఖాయం. తుపానొచ్చి పంట పోయినా, ధర పడినా మక్తా బస్తాలు కొలిచి తీరాల్సిందే. 1956 కౌలుదారీ చట్టం వున్నా నోటిమాట కౌలు కాగితమెక్కలేదు. 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులన్నారు. 2019 చట్టం పదకొండు నెలల ఒప్పందానికి భూయజమాని సంతకం షరతు పెట్టింది. సంతకం చేస్తే భూమి పోతుందేమోనని ఆసామి జంకు. గట్టిగా అడిగితే చేను తీసేస్తాడేమోనని కౌలుదారు జంకు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు. నష్టపోయింది ఒకరు, పరిహారం ముట్టేది మరొకరికి.

ఇక పన్ను సంగతి. వ్యవసాయ భూమి మీద వచ్చే ఆదాయానికి కేంద్రం ఆదాయపు పన్ను వేయదు. చిన్నరైతుకు ఆ మినహాయింపు న్యాయమే. కాని వందల బస్తాల మక్తా యింట్లో కూర్చుని కొలిపించుకొనే వారికీ అదే మినహాయింపు! కూలివాడు మాత్రం కాలి చెప్పుల మీద, కౌలుదారు ఎరువు బస్తా మీద పన్ను కడుతూనే వున్నారు.

కాబట్టి మేమనేది యిది. దున్నేవాడి పేరు యజమాని సంతకంతో పనిలేకుండా రికార్డు కెక్కాలి. ఏ చేను ఎవరు సాగు చేస్తున్నారో గ్రామసభలో అందరి ముందూ రాయించాలి. వూరంతటికీ తెలిసిన సంగతే గదా, కాగితానికి ఎక్కడానికి అడ్డమేమిటి? 1938లో కమిటీ రైతును గురించి చెప్పిన మాట, యిప్పుడు కౌలుదారుకూ కూలికీ చెల్లాలి. నడవందే ఆనాడు జమీందారీ పోలేదు. అడగందే యీనాడు కార్డూ రాదు.