పసుపు మరకకు సబ్బు తగిలితే ఎందుకు ఎర్రబడుతుంది?

పసుపుకు ఆ రంగునిచ్చేది కుర్‌క్యుమిన్. ఆమ్లంలోనూ మంచినీళ్లలోనూ అది పసుపుపచ్చగానే ఉంటుంది. పీహెచ్ విలువ సుమారు 8 దాటితే దాని అణువు హైడ్రోజన్ అయాన్లను వదులుకుంటుంది. అప్పుడు అది పీల్చుకునే కాంతి మారి ఎరుపు కనిపిస్తుంది. బట్టల సబ్బు క్షారం కాబట్టి చొక్కా మీది కూర మరక ఉతకగానే ఎర్రబడుతుంది. మరక ముదిరిందని కంగారు పడనక్కర్లేదు, సబ్బు పోయేలా జాడిస్తే మళ్లీ పసుపే. కాళ్లకు పూసే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు కూడా పసుపులో సున్నం కలిపి చేసేవే. సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, సబ్బుకన్నా గట్టి క్షారం. అందుకే ఆ ఎరుపు అంత చిక్కన. వంటసోడాతో రంగు కాస్తే మారుతుంది. ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండితే, సిట్రిక్ ఆమ్లం క్షారాన్ని తటస్థం చేసి పసుపును తిరిగి రప్పిస్తుంది. చింతపండు రసమూ అంతే.