పాత యంత్రానికి కొత్త స్మృతి

మనిషి స్మృతికీ, కంప్యూటరు స్మృతికీ ఒక పోలిక ఉంది. రెండూ వల్లె వేయకపోతే నిలువవు. కంప్యూటరులో సమాచారాన్ని తాత్కాలికంగా నిలిపి ఉంచే చిప్పులో ఒక్కొక్క గడిలో ఒక సూక్ష్మమైన కెపాసిటరు ఉంటుంది. అందులో విద్యుదావేశం ఉంటే ఒకటి, లేకుంటే సున్న. చిల్లుకుండలోని నీటివలె ఆ ఆవేశం కారిపోతూనే ఉంటుంది. కనుక యంత్రం ప్రతి గడినీ చదివి, చదివినదానినే మళ్ళీ వ్రాసుకుంటుంది. ఈ పునశ్చరణ ఆనాటి చిప్పులలో రెండు మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 500 సార్లు జరుగవలసి ఉండేది. ఒక్క ట్రాన్సిస్టరుతో, ఒక్క కెపాసిటరుతో ఒక గడిని నిర్మించవచ్చునని 1966లో ఊహించినవాడు ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్. ఆయన 2024లో కన్నుమూశాడు. నేటి కంప్యూటర్లలోని ప్రధాన స్మృతి కూడా ఆ ఊహకు సంతానమే.

1970ల చివర ఇంటింటి కంప్యూటర్లు వెలువడినప్పుడు వాటిలో 4116 అనే చిప్పు విరివిగా వాడుకలో ఉండేది. దానికి పదహారు కాళ్ళు, 16,384 గడులు. ఎనిమిది చిప్పులను వరుసగా పేర్చితే 16 కిలోబైట్లు. నేడు చేతి ఫోనులో తీసిన ఒక్క ఛాయాచిత్రమైనా అందులో పట్టదు. అయినా ఆ కొద్దిపాటి చోటులోనే ఎందరో యువకులు ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకున్నారు.

ఈ చిప్పుకు ఒక బలహీనత ఉంది. దానికి మూడు రకాల విద్యుత్తు కావాలి: 12 వోల్టులు, 5 వోల్టులు, ఋణ 5 వోల్టులు. వీటిలో ఋణ విద్యుత్తు ముందుగా వచ్చి చివరగా పోవాలి. అది లోపిస్తే, మిగిలిన 12 వోల్టులే చిప్పును కాల్చివేస్తాయి. 1982లో ఇంగ్లండులో వెలువడిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్ కంప్యూటరులో ఈ వోల్టేజీలను ఒక చిన్న తీగచుట్ట, ఒక ట్రాన్సిస్టరు కలిసి తయారుచేసేవి. ఆ ట్రాన్సిస్టరు చెడినప్పుడు తాను పోవడమే కాక తరచుగా స్మృతిచిప్పులను కూడా వెంట తీసుకొనిపోయేది.

4116 చిప్పుల తయారీ ఏనాడో నిలిచిపోయింది. దొరికినవి సైతం వయసు మీరినవే. అందువల్ల పాత యంత్రాలను బాగుచేసేవారు దాని తరువాతి తరానికి చెందిన 4164 చిప్పును ఆశ్రయిస్తారు. దీనికీ పదహారు కాళ్ళే. వీటిలో పదమూడు కాళ్ళ పని రెండు చిప్పులలోనూ ఒకటే. తేడా అంతా ఒకటవ, ఎనిమిదవ, తొమ్మిదవ కాళ్ళలోనే ఉన్నది. కొత్త చిప్పుకు 5 వోల్టులు మాత్రమే చాలు, వాటిని ఎనిమిదవ కాలి ద్వారా స్వీకరిస్తుంది. పాత సాకెట్టులో ఆ చోట ఉన్నవి 12 వోల్టులు. ఏ మార్పూ చేయకుండా గుచ్చితే చిప్పు బూడిదే.

కనుక ఒకటవ కాలిని, ఎనిమిదవ కాలిని సాకెట్టులో దిగకుండా మెల్లగా పైకి వంచుతారు. ఒకటవది కొత్త చిప్పుకు అక్కరలేదు. ఎనిమిదవ కాలికీ తొమ్మిదవ కాలికీ నడుమ సన్నని తీగతో టంకం వేస్తారు. సాకెట్టులో తొమ్మిదవ స్థానంలో 5 వోల్టులు సిద్ధంగా ఉన్నాయి గదా! అయితే కొత్త చిప్పుకు తొమ్మిదవ కాలు గడి చిరునామాను తెలిపే ఎనిమిది తీగలలో ఒకటి. దానికి ఎల్లప్పుడూ 5 వోల్టులు తగిలితే ఆ చిరునామా అంకె ఎప్పుడూ ఒకటిగానే ఉంటుంది. అందువల్ల 65,536 గడులలో నాలుగవ వంతు, అంటే సరిగ్గా 16,384 గడులే పనిచేస్తాయి. నాలుగు గదుల ఇంట మూడింటికి తాళం వేసి ఒక గదిలో కాపురం ఉండడం వంటిది ఇది. పాత యంత్రం కోరినది ఆ ఒక్క గదినే.

ఇదే పనిని మరొక విధంగానూ చేయవచ్చు. చిప్పు కాళ్ళను వంచకుండా బోర్డు మీది రాగిగీతలనే కోసి దారి మళ్ళించవచ్చు. చూడడానికి శుభ్రంగా ఉంటుంది. కాని నాకు మొదటి పద్ధతియే సమ్మతం. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు తనకు తోచిన పాఠాన్ని మూలంలో దిద్దివేయడు. పాఠాంతరాన్ని అడుగున చూపుతాడు. చిప్పును రేపు తీసివేయవచ్చు, కోసిన గీత మాత్రం ముందటివలె రాదు. నలభై ఏండ్లు దాటిన బోర్డుపై టంకపు కడ్డీ వేడి కాస్త ఎక్కువైనా రాగి పొర లేచిపోతుంది.

తరువాతి కాలపు యంత్రాలలో చిక్కు మరొక రూపం దాల్చింది. 1987లో మొదలైన ఐ.బి.ఎం. పీ.ఎస్./2 శ్రేణిలోని కొన్ని కంప్యూటర్లు 72 కాళ్ళ మెమరీ పలకలను స్వీకరిస్తాయి. ఆ పలకపై 67 నుండి 70 వరకు గల నాలుగు కాళ్ళు దాని పరిమాణాన్నీ వేగాన్నీ తెలుపుతాయి. చాలా మామూలు పలకలలో ఈ గుర్తులు ఉండవు. అప్పుడు యంత్రం వాటిని నిరాకరిస్తుంది. పలకపై ఖాళీగా వదలిన చిన్న చిన్న చోట్లను టంకంతో కలిపితే గుర్తు ఏర్పడుతుంది. పని సులభమే. కాని 80 నానోసెకన్ల పలకకు 70 అని గుర్తు పెడితే యంత్రం ఆ మాటను నమ్మి తొందరపెడుతుంది. మొదట అంతా సవ్యంగానే కనబడుతుంది. ఏ మూడవ గంటకో, పలక వేడెక్కినప్పుడు, దాచుకున్న లెక్కలలో ఒక అంకె చడీచప్పుడు లేకుండా మారిపోతుంది.