తంబురా తంత్రుల సంరక్షణ

శ్రుతి తల్లి, లయ తండ్రి అని మన పెద్దలు చెప్పినారు. ఆ శ్రుతిని మోసే వాద్యము తంబురా. సంగీత సభలో గాయకుని వెనుక నిలిచేది అదే, తత్త్వములు పాడే బైరాగి చేతిలో పలికేది అదే, బుర్రకథలో కథకుని భుజము మీద ఉండేది అదే. పరిమాణములు వేరైనను పని ఒక్కటే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించి, 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ (1920–1997) ఈ వాద్యమును భుజాన వేసుకొనియే తెలుగు నేల నలుమూలలా బుర్రకథకు ఖ్యాతి తెచ్చినారు.

ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలు వచ్చిన పిమ్మట, తీగ తెగిన తంబురాను బాగు చేయించే ఓపిక తగ్గినది. కొద్దిపాటి తీగ కోసము ఒక మంచి వాద్యము మూలపడుట విచారకరము. ఆ పని ఎంత సులభమో విద్యార్థులకు తెలియజేయుటయే మా ఉద్దేశము.

సభలలోని తంబురాకు సాధారణముగా నాలుగు తీగలు. మొదటిది మంద్ర పంచమము, నడిమి రెండు మధ్యస్థాయి షడ్జములు, చివరిది మంద్ర షడ్జము. మొదటి మూడు ఉక్కువి, నాలుగవది ఇత్తడిది అయి ఉండుట పరిపాటి. పురుషుల శ్రుతికి పంచమమును కూడ ఇత్తడితో వేయుట కలదు.

తీగ పొడవు, బిగువు, బరువు – ఈ మూడే స్వరమును నిర్ణయిస్తవి. ఫ్రెంచి విద్వాంసుడు మెర్సెన్ 1636లో ఈ సూత్రములను ప్రకటించినాడు. మన కళాశాల విద్యార్థులు సోనోమీటరు మీద చేసే ప్రయోగము ఇదే. పొడవు, బిగువు మారకుండ స్వరము ఒక స్థాయి దిగవలెనన్న తీగ బరువు నాలుగింతలు కావలెను. అదే లోహమైతే మందము రెండింతలు కావలెను. పాశ్చాత్యుల నిలువెత్తు డబుల్ బాస్ తీగలు అంత దళసరిగా ఉండుటకు కారణమిదే. సన్నని తీగను వదులు చేసి మంద్రమును పలికించబోతే అది గుర్రము మీద కొట్టుకొనునే గాని నాదమివ్వదు.

నాదము చెడినప్పుడు వెంటనే తీగను నిందించరాదు. మొదట జీవను, అనగా గుర్రమునకు తీగకు మధ్య ఉంచిన నూలుపోగును, కొంచెము అటునిటు జరిపి చూడవలెను. దీని వలన కలిగే ఝంకారమునే హిందూస్తానీ వాద్యకారులు జవారీ అంటారు. 1921లో సి.వి. రామన్ తంబురా, వీణల గుర్రములను పరిశీలించి, సామాన్య సిద్ధాంతము ప్రకారము లోపించవలసిన ఉపస్వరములు కూడ వీటిలో వినబడునని నిరూపించినారు. కావున గుర్రము మీద గాడి పడినచో కొత్త తీగ వేసినను ఫలితముండదు.

తరువాత తీగను సరిగ్గా సగము వద్ద వ్రేలితో లేతగా తాకి మీటవలెను. పై స్థాయి స్వరము మూలస్వరముతో కలియకున్న ఆ తీగ మందము సమముగా లేదని అర్థము. త్రుప్పు, నొక్కు, మెలిక ఉన్న తీగను మార్చక తప్పదు. శ్రుతి మాటిమాటికి దిగిపోతూ తీగ బాగుగనే ఉన్నచో దోషము బిరడాలో ఉన్నది.

తీగలన్నింటినీ ఒక్కసారి విప్పరాదు. బిగువు మొత్తము పోతే గుర్రము స్థానము తప్పవచ్చును. ఒకటి మార్చి, శ్రుతి చేసి, ఆ పిమ్మట రెండవ దాని జోలికి పోవలెను. పాత తీగలో అరగని భాగమును స్క్రూగేజితో కొలిచి అదే మందము గల తీగను తేవలెను. దాని కొనను ఉచ్చుగా మెలిపెట్టి అడుగున తగిలించి, పూసలో దూర్చి, గుర్రము మీదుగా బిరడాకు చేర్చి, మూడు నాలుగు చుట్లు ఒకదాని ప్రక్క ఒకటిగా చుట్టవలెను. బిగించునపుడు ముఖమును తీగకు దూరముగా ఉంచవలెను; తెగిన ఉక్కుతీగ కంటికి ప్రమాదము. కొత్త తీగ కొన్ని దినములు సాగుతూ దిగుట సహజము. ముందు బిరడాతో దగ్గరకు తెచ్చి, తుదిమెరుగు పూసతో దిద్దవలెను.

మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల వాతావరణమును కూడ గమనించవలెను. వేసవి పొడిగాలికి కొయ్య కుదించుకొని బిరడాలు జారుతవి. కొద్దిగా సుద్దపొడి రాసినచో పట్టు దొరకును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల తేమకు అవే ఉబ్బి బిగుసుకొంటవి. అప్పుడు పొడి సబ్బును పలుచగా రుద్దవలెను. చేతి చెమటలోని ఉప్పు తీగకు శత్రువు. కావున వాయించిన ప్రతిసారి పొడిగుడ్డతో తుడవవలెను.

అరిగిన బిరడాకు మాత్రము పనివాని చేయి అవసరము. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక కొయ్యముక్క నుండి నాజూకైన గరిటెను, ఫోర్కును తీర్చే చేతులకు పాత బిరడాను నమూనాగా ఇచ్చినచో కొత్తది చెక్కుట అసాధ్యము కాబోదు. వాద్యమును ఎరిగిన విద్యార్థి, కొయ్యను ఎరిగిన పనివాడు కలిసినచో మూలపడిన తంబురాలు మరల పలుకగలవని మా విశ్వాసము.