రాణిచీమ తొలికాపురము

తొలకరి వాన కురిసి వెలిసిన సాయంకాలమున దీపము చుట్టు రెక్కల పురుగులు మూగుట మీరు చూచియే యుందురు. వానిలో పెక్కు ఉసుళ్లు, అనగా చెదపురుగుల జాతివి. వాని రెక్కలు నాలుగును ఒకే పొడవుగా నుండును. నడుము సన్నముగా నుండదు. వాని నడుమ ఒక్కొక్కప్పుడు వేఱొక పురుగు కానవచ్చును. దాని నడుము సన్నము, పొట్ట పెద్దది. మీసములు మోచేయివలె వంగియుండును. ముందు రెక్కలు వెనుక రెక్కలకంటె పెద్దవి. అదియే రాణిచీమ.

రాణి యను పేరు విని దానికి కోటయు పరివారమును ఉండునని తలంపరాదు. ఆ సాయంకాలమున దానికి ఇల్లు లేదు, తోడు లేదు, తిండి లేదు. మున్ముందు వందలకొలది చీమలు నివసింపబోవు పుట్టను అది ఒంటరిగా ప్రారంభింపవలెను.

ఎదిగిన పుట్టలో రెక్కలుగల ఆడుచీమలును మగచీమలును పుట్టును. వాన కురిసి నేల మెత్తబడిన దినమున అనేక పుట్టలనుండి అవి ఒక్కసారిగా బయలువెడలును. ఇదియే వాని వివాహయాత్ర. మగచీమలు కొలది దినములలోనే మరణించును. రాణి మాత్రము మగచీమ యిచ్చిన బీజమును తన కడుపులోని చిన్న సంచిలో దాచుకొని, జీవితాంతము దానినే వాడుకొనును. ఆ జీవితము స్వల్పమైనది కాదు. ఇంగ్లండులో సర్ జాన్ లబ్బక్ అను పండితుడు 1874లో పట్టి, గాజుపలకల నడుమ పెంచిన రాణిచీమ 1888 వఱకు బ్రదికినది.

అంతటి దీర్ఘాయువు రాణులన్నిటికిని లభింపదు. నేలకు దిగినవానిలో అధికభాగము పక్షులకు, బల్లులకు, కప్పలకు, ఇతర చీమలకు ఆహారమైపోవును. తప్పించుకొన్న రాణి మొదట తన రెక్కలను తానే కాళ్లతో విఱిచి రాల్చివేయును. పిదప మెత్తని నేలలో చిన్న గది త్రవ్వి, లోపలనుండి మూసికొనును. మన యిండ్ల పరిసరములలో చెట్ల మొదళ్లయొద్ద కాపురముండు నల్లని గండుచీమల రాణి చేయు పని యిదియే.

మూసిన గదిలో ఆహార మెక్కడిది? రాణి మేనిలో ఎగురుటకై బలిసిన కండరములు గలవు. రెక్కలు రాలిన పిదప వానితో పనిలేదు. అవి మెల్లమెల్లగా కరగి, రాణికిని పిల్లలకును పోషణమగును. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు షార్ల్ జానె ఈ మార్పును పరిశీలించి 1907లో వివరించెను. తాను ఎగిరిన బలమునే తల్లి తన బిడ్డలకు పాలుగా మార్చి యిచ్చుచున్నదన్నమాట.

ఇట్టి రాణిని పెంచగోరువారికి కావలసిన సామగ్రి మిక్కిలి తక్కువ. రాణికొఱకు పుట్టను త్రవ్వరాదు. రెక్కలు రాల్చి నేలపై ఒంటరిగా తిరుగుచున్న దానిని, వ్రేళ్లతో నొక్కక, సీసాలోనికి నడిపింపవలెను. సుమారు 15 సెంటీమీటర్ల పొడవుగల గాజు పరీక్షనాళికలో మూడవవంతు నీరు పోసి, నీటికి తగులునట్లు దూదియుండను గట్టిగా దోపవలెను. దూది తడిసియుండవలెను గాని నీరు కాఱరాదు. నాళికను అడ్డముగా పరుండబెట్టి, మిగిలిన పొడి భాగములో రాణిని విడిచి, మూతివద్ద మఱియొక దూదియుండ నుంచవలెను. దానిగుండ గాలి ప్రసరించును. నాళికను చీకటిలో, ఎండ తగులనిచోట, కదలకుండ ఉంచవలెను.

ఇంక ఆహార మేమి పెట్టవలెనని మీరడుగుదురు. ఏమియు పెట్టకూడదు. ఈ దశలో నీరు చాలును. తేనె, చక్కెర పెట్టినచో బూజు పట్టి, రాణికే కీడు కలుగవచ్చును. కొలది దినములకు అది తెల్లని చిన్న గ్రుడ్లు పెట్టి, వానిని కుప్పగా చేర్చి, మాటిమాటికి నాకుచు శుభ్రపఱచును. అప్పుడు మనము చేయవలసినది దానిజోలికి పోకుండుటయే.

పెంపకములో కష్టమంతయు ఇచ్చటనే యున్నది. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఇట్టి నాళికను సిద్ధపఱచి తెచ్చెను. దానిని తరగతి కిటికీలో నుంచితిమి. గంటగంటకు ఎవరో యొకరు తీసి, వెలుతురునకెత్తి చూచువారే. నేనును చూచితిని. మొదట తొమ్మిది గ్రుడ్లుండెను, మూడవనాటికి నాలుగయ్యెను, వారము తిరుగకమునుపే ఒక్కటియు లేదు. రాణియే వానిని తినివేసినది.

"తల్లియే బిడ్డలను తినునా, మాస్టారూ?" అని ఆ బాలుడు కన్నీరు పెట్టుకొనెను.

"తప్పు దానిది కాదు నాయనా, మనది" అంటిని.

నాళిక కదలినప్పుడెల్ల రాణికి తన గది కూలుచున్నట్లే యుండును. ఆపద వచ్చినప్పుడు అది గ్రుడ్లలోని పోషణమును మరల తన కడుపున చేర్చుకొనును; స్థిమితము చిక్కిన పిదప మరల గ్రుడ్లు పెట్టును. కాని దాని మేనిలోని నిల్వ మితమైనది. ఇట్లు పలుమాఱులు జరిగినచో నిల్వ తఱిగి తల్లియు మరణించును.

ఆ దినమే నాళికకు నల్లకాగితము చుట్టి, బీరువా అడుగు అఱలో పెట్టితిమి. శనివారమునాడు ఒక్క నిమిషము మాత్రమే చూడవలెనని నియమము చేసికొంటిమి. దానిని పాటించుట బాలురకంటె నాకే కష్టమైనది. రెండు వారములకు గ్రుడ్లు మరల కానవచ్చెను.

గ్రుడ్డునుండి కాళ్లులేని తెల్లని పిల్లపురుగు వెలువడును. తల్లి తన నోటినుండి ద్రవము నిచ్చి దానిని పోషించును. ఎదిగిన పురుగు తన చుట్టు చిన్న పట్టుగూడు అల్లుకొనును. పుట్టలయొద్ద కానవచ్చు ఈ గూళ్లనే చాలమంది చీమగ్రుడ్లని పొరపడుదురు. వెచ్చని ఋతువునందును గ్రుడ్డు పెట్టినది మొదలు చీమ వెలువడువఱకు నెలకు పైగా పట్టును. గూటిని తల్లి దవడలతో చీల్చి, బిడ్డ వెలికి వచ్చుటకు తోడ్పడును.

ఈ తొలి పనిచీమలు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. తరువాత పుట్టువానికంటె చిన్నవి. ఉన్న కొలది పోషణముతో ఒక్క పెద్ద చీమను పెంచుటకంటె పలు చిన్న చీమలను పెంచుటయే ఆ సంసారమునకు మేలు. పనిచేయు చేతులు పెరుగును గదా! ఇప్పుడు మనము ఆహారము పెట్టవలెను. అగ్గిపుల్ల మొనతో ఒక తేనెచుక్క, చంపిన చిన్న దోమ యొకటి చాలును. తేనె పనిచీమలకు శక్తినిచ్చును; పురుగు మాంసము పిల్లల పెరుగుదలకు అవసరము. మిగిలినదానిని మఱునాడే తీసివేయవలెను. ఇది మొదలు ఆహారము తెచ్చుట, పిల్లలను సాకుట పనిచీమల వంతు. గ్రుడ్లు పెట్టుట రాణి వంతు.

చీమలన్నియు ఈ పద్ధతి నవలంబింపవు. ఒకప్పుడు నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన టి. సి. జెర్డన్ 1851లో వర్ణించిన దుముకుచీమల రాణి, తొలికాపురమునందును తానే వెలుపలికి పోయి వేటాడి ఆహారము తెచ్చుకొనును. దానిని గండుచీమవలె ఆహారము లేక బంధించినచో చచ్చును. కావున ఏ జాతి చీమయో తెలిసిన పిదపనే పెంపకమునకు పూనుకొనవలెను. పెంచలేనివారు దానిని పట్టిన చోటనే విడిచిపెట్టవలెను.

మా నాళిక సంగతి చెప్పి ముగించెదను. దసరా సెలవులకు ముందటి శనివారమున నల్లకాగితము విప్పగా, మూడు చిన్న చీమలు రాణి చుట్టు తిరుగుచు కానవచ్చెను. ఒకటి తల్లి మీసములను నాకుచుండెను. పిల్లలందఱును ఊపిరి బిగబట్టి చూచిరి. నాళిక తెచ్చిన బాలుడు దానిని పైకెత్తలేదు, తట్టలేదు. నిమిషము కాగానే కాగితమును మరల చుట్టి, బీరువా తలుపును చప్పుడు కాకుండ మూసెను.