సంక్రాంతి ప్రయాణం: ఎక్కడ ఆగాలి, ఎందుకు ఆగాలి

సంక్రాంతి సెలవులకు చాలా కుటుంబాలు కారులో బయలుదేరతాయి. కొందరు అమ్మమ్మగారి ఊరికి, కొందరు తిరుపతికి, ఇంకొందరు రెండూ కలుపుకొని. గుంటూరు నుంచి తిరుపతికి ఒంగోలు, నెల్లూరు మీదుగా వెళితే సుమారు 375 కిలోమీటర్లు. "ఎక్కడా ఆపకుండా వెళ్లిపోయాం" అని చెప్పుకోవడం మనలో చాలామందికి గొప్ప. మరి అన్ని గంటలూ వెనక సీట్లో కూర్చున్న పిల్లలకు ఏం మిగిలింది? చేతిలో ఫోను, ఒళ్లో చిప్స్ ప్యాకెట్, నోట్లో "ఇంకా ఎంతసేపు?" అన్న ప్రశ్న. కిటికీ అవతల తాతగారు జీవితమంతా సాగుచేసిన పంటలు పచ్చగా, ఎర్రగా, తెల్లగా వెనక్కి పోతూనే ఉంటాయి. వాటి పేర్లు కూడా పిల్లలకు తెలియవు.

ఇలాంటి ప్రయాణానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఆగే చోట్లను ఇంట్లోనే ఎంచుకోండి. తక్కువ ఎంచుకోండి. ఎంచుకున్నవాటిని ఒకే ప్రశ్నతో ముడిపెట్టండి.

ముందు స్టీరింగ్ పట్టుకున్నవారి సంగతి

ఆగడం పిల్లల చదువు కోసమే కాదు, అందరి ప్రాణాల కోసం కూడా. రెండు గంటలకోసారి కనీసం పావుగంట కారు ఆపి, దిగి నడవాలి. తెల్లవారుజామున, మధ్యాహ్నం భోజనం తర్వాత నిద్ర ముంచుకొస్తుంది. కాఫీ కాసేపు ఆపుతుందేమో గానీ నిద్రకు బదులు కాదు. అర్ధరాత్రి బయలుదేరి తెల్లారేసరికి చేరాలనే ఆలోచన మానుకోండి. కాస్త వెలుతురు వచ్చాక బయలుదేరి, చీకటి పడకముందే చేరేలా చూసుకోండి. వెనక సీట్లోవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి.

హైవే అంచున కారు ఆపవద్దు. చేను చూడాలనిపించినా, ఫొటో తీయాలనిపించినా సర్వీసు రోడ్డులోకో, ఊరి దారిలోకో దిగాకే ఆపండి. కారు చెడిపోతే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033. ప్రమాదమైతే 108 లేదా 112.

ఒక ప్రశ్నతో బయలుదేరండి

పది చోట్లు చూపిస్తే పిల్లలకు ఒక్కటీ గుర్తుండదు. రెండు మూడు చోట్లు ఒకదానికొకటి జవాబు చెప్పేలా ఉంటే మాత్రం చాలాకాలం గుర్తుంటాయి. మన గుంటూరు, ప్రకాశం దారికి సరిపోయే ప్రశ్న ఇది: "కొండవీటి రాజుగారి కూరలో కారం ఎక్కడిది?"

ఈ ప్రశ్న కారు ఎక్కగానే అడగండి. జవాబు మాత్రం చెప్పకండి.

మొదటి ఆగుడు: కొండవీడు

గుంటూరు నుంచి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, యడ్లపాడు మండలంలో కొండవీటి కోట ఉంది. రెడ్డిరాజుల రాజధాని మొదట అద్దంకి. ప్రోలయ వేమారెడ్డి కొడుకు అనవోతారెడ్డి దాన్ని కొండవీటికి మార్చాడు. శ్రీనాథ మహాకవి పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్నది ఇక్కడే. సుమారు నూరేళ్లు ఏలిన రెడ్డిరాజుల పాలన 1424 ప్రాంతంలో ముగిసింది. తర్వాత 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటను గెలుచుకున్నాడు.

పైకి ఘాట్ రోడ్డు ఉంది. తెరిచే వేళలు ముందే కనుక్కోండి. ఉదయం పూట వెళితే ఎండ బాధ ఉండదు. గంటన్నర చాలు. బురుజుల మధ్య నడిపించండి, కింద కనిపించే మైదానాన్ని చూపించండి. అప్పుడు మళ్లీ ఆ ప్రశ్న అడగండి.

చాలామంది పిల్లలు "మిరపకాయలు" అంటారు. ఇక్కడే అసలు కథ. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. వాస్కో డ గామా కేరళ తీరానికి వచ్చింది 1498లో. ఆ తర్వాతే పోర్చుగీసువారి ఓడల్లో మిరప మన దేశానికి చేరింది. అంటే కొండవీటి రెడ్డిరాజులు ఒక్క మిరపకాయ కూడా రుచి చూడలేదు! వాళ్ల వంటల్లో ఘాటు మిరియాలది. మిరియం, మిరప అనే మాటల పోలిక పిల్లలనే పట్టుకోనివ్వండి. ఈరోజు కారానికి మారుపేరైన గుంటూరు ఒకప్పుడు ఆ పంటే ఎరగదని తెలిసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

రెండో ఆగుడు: ఒక చేను, ఇరవై నిమిషాలు

కోట దిగి చిలకలూరిపేట వైపు సాగితే దారి పక్కన నల్లరేగడి నేలలు. సంక్రాంతి నాటికి పత్తి తీతలు చివరికి వస్తుంటాయి, మిరపలో మొదటి కోతలు మొదలవుతుంటాయి. రెండు పంటలూ ఒకేసారి కనిపించే రోజులివి. వేసవి సెలవుల్లో వస్తే ఈ చేలల్లో దుక్కి తప్ప ఏమీ ఉండదు. బంధువుల చేను ఉంటే మంచిది. లేకపోతే కళ్లంలో ఉన్న రైతును "పిల్లలకు చూపించవచ్చా అండీ?" అని అడిగాకే లోపలికి వెళ్లండి.

చూడాల్సినవి కొన్నే. పగిలిన పత్తికాయలో ఎన్ని అరలున్నాయి? గింజను దూది నుంచి చేత్తో విడదీయడం ఎంత కష్టం? కళ్లంలో ఆరబోసిన కాయల్లో తెల్లబారిన తాలు కాయలను ఎందుకు వేరు చేస్తున్నారు? తాలు కాయకు ధర తక్కువ. అదును తప్పి వానొస్తే ఎర్రటి కాయ కూడా రంగు చెడుతుంది. అప్పుడు ఆ ఇంటి ఏడాది లెక్క మారిపోతుంది. మార్కులు, ర్యాంకుల మధ్య పెరిగే పిల్లలకు, ఏడాది కష్టం ఒక్క వానతో తారుమారు కావచ్చని కళ్లంలో నిలబడితే అర్థమవుతుంది. మనలో చాలామంది ఫీజులు కట్టేది, లేదా మన నాన్నలు మనల్ని చదివించింది ఇలాంటి పంట డబ్బుతోనే. ఆ మాట పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

జాగ్రత్తలు: మిరప, పత్తి చేలకు పురుగుమందులు ఎక్కువగా కొడతారు. ఆకులు, కాయలు తుంచి నోట్లో పెట్టుకోకూడదు. ఆరబోసిన కాయలను తొక్కకూడదు. బయటికొచ్చాక సబ్బుతో చేతులు కడిగించండి, అప్పటిదాకా కళ్లు నులుముకోనివ్వకండి. ఆయాసం ఉన్న పిల్లలను కళ్లానికి దూరంగా ఉంచండి. గుంటూరు మిరప యార్డులో టిక్కీల వరసలు చూడ్డానికి బాగుంటాయి కానీ, లోపలి ఘాటు చిన్నపిల్లలకు తగదు.

తిరుగు దారిలో: మోటుపల్లి, చీరాల

వెళ్లేటప్పుడు ఈ రెండు చోట్లే. తర్వాత ఒంగోలులో కాళ్లు చాపుకోవడానికి, నెల్లూరులో భోజనానికి ఆగితే సరిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఒంగోలు దగ్గర పాత దారి వదిలి 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకోండి. చినగంజాం, చీరాల, బాపట్ల మీదుగా గుంటూరు చేరవచ్చు.

ఈసారి ప్రశ్న మార్చండి: "మిరప బయటినుంచి వచ్చింది. మరి మన పత్తి ఎక్కడికి వెళ్లింది?"

చినగంజాం దగ్గరి మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో ఇక్కడ అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఓడలు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకును రాజులు స్వాధీనం చేసుకోవడం ఆనాటి ఆచారం. ఇకమీదట అలా జరగదు, నిర్ణీత సుంకం కడితే చాలని ఆయన వర్తకులకు మాటిచ్చాడు. మార్కోపోలో ఈ రాజ్యాన్ని మోటుపల్లి పేరుతోనే వర్ణించి, ఇక్కడి సన్నని నూలు బట్టలను సాలెగూడు దారాలతో పోల్చాడు. 1358లో కొండవీటి అనవోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు రాయితీలిస్తూ శాసనం వేయించాడు. వెళ్లేటప్పుడు కోటలో విన్న పేరు పిల్లలకు ఇక్కడ మళ్లీ వినబడుతుంది.

తర్వాత చీరాల. మగ్గాల ఊరు. ఒక నేత ఇంట్లో అనుమతి అడిగి పది నిమిషాలు నిలబడితే, చేనులో చేత్తో పట్టుకున్న దూది చివరికి ఏమవుతుందో కనిపిస్తుంది. హైస్కూలు పిల్లలకు ఇంకో కథ చెప్పండి. చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఇళ్లు వదిలి, ఊరి బయట రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి పాకల్లో ఉన్నారు.

వేటపాలెంలోని 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం, బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ కూడా ఈ దారిలోనే. వాటిని మరో ప్రయాణానికి ఉంచండి. పిల్లలు బీచ్ కావాలంటే చీరాలను వదిలేయండి, రెండూ ఒకే రోజున ఇరికించకండి.

వయసును బట్టి

ఏడేళ్లలోపు పిల్లలకు చరిత్ర చెప్పనక్కర్లేదు. వాళ్లకు పరుగెత్తడానికి చోటు, తాకడానికి దూది చాలు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు ప్రశ్నలు ఇష్టం. అంతకంటే పెద్దవాళ్లకు మ్యాపు అప్పగించండి. ఒక ఆగుడు పూర్తిగా వాళ్లే ఎంచుకోవాలి. అది మీకు నచ్చకపోయినా సరే.

చివరగా ఒక మనవి. కారులో పరీక్ష పెట్టకండి, నోట్సు రాయించకండి. సెలవుల తర్వాత మీ అమ్మాయో అబ్బాయో అన్నం తింటూ, "అమ్మా, శ్రీనాథుడికి ఆవకాయ తెలియదు కదా!" అంటే చాలు.