తెల్లవారిన తరువాత

దయ్యాల కథలకు ఒక మర్యాద ఉన్నది. రాత్రి ఎంత భయపెట్టినా, కోడి కూసేసరికి పిశాచం వెనుకకు తగ్గవలసినదే. 1968లో అమెరికాలో విడుదలైన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అనే చిత్రం ఆ మర్యాదను బుద్ధిపూర్వకంగానే ఉల్లంఘించినది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్ పరిసరాలలో, జార్జి రొమేరో అనే యువకుడు మిత్రులతో కలిసి సుమారు 1,14,000 డాలర్ల వ్యయంతో నలుపు తెలుపులలో తీసిన చిన్న చిత్రమిది.

కథ స్వల్పం. చచ్చినవారు లేచి బ్రతికినవారిని తినవస్తారు. ఒక పల్లెటూరి ఇంటిలో ఏడుగురు చిక్కుకొంటారు. మన బేతాళుడు కథలైనా చెప్పేవాడు. ఈ శవాలకు మాటలే రావు. కనుక మాటలన్నీ లోపలివారివే, వాటిలో చాలా భాగం తగవులే. తలుపులకు పలకలు దిగగొట్టి, అందరికీ ధైర్యం చెప్పేవాడు బెన్. ఆ పాత్ర ధరించిన డ్వేన్ జోన్స్ నల్లజాతీయుడు. సాహిత్యం బోధించిన అధ్యాపకుడు. మొదట మోటువాడైన లారీ డ్రైవరుగా వ్రాసుకొన్న ఆ పాత్రకు సంస్కారవంతమైన భాషను సమకూర్చినది ఆయనే. చిత్రమంతటిలో ఎవరూ బెన్ రంగును ఎత్తరు. ఎత్తకపోవడమే దాని బలమని నా తలంపు.

తెల్లవారుతుంది. మిగిలినవారంతా నశించగా, నేలమాళిగలో బెన్ ఒక్కడే బ్రతికి ఉంటాడు. బయట తుపాకుల మోత, కుక్కల అరుపులు. షెరీఫు వెంట పౌరుల దండు వచ్చినది. రక్షణ లభించినదని అతడు కిటికీ దగ్గరకు వస్తాడు. దూరంనుండే అతనిని శవమని తలచి, నుదుట కాల్చి చంపుతారు. ఎవరూ పలకరించరు. పిమ్మట వార్తాపత్రికలలో అచ్చయినటువంటి గరుకు ఫొటోలు వరుసగా కనబడతాయి: ఇనుప కొక్కేలు పట్టిన మనుష్యులు, ఈడ్వబడిన దేహం, చితి. గుంపులు నల్లవారిని చంపి, శవం ప్రక్కన నిలబడి ఫొటోలు తీయించుకొన్న దేశమది. ఆ చరిత్ర ఎరిగినవారికి ఇవి కల్పనలుగా తోచవు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య ఆ ఏటి ఏప్రిల్ 4న జరిగినది. చిత్రం అక్టోబరులో వెలువడినది.

49 ఏండ్ల తరువాత, 2017లో, జోర్డన్ పీల్ 'గెట్ అవుట్' తీసినాడు. క్రిస్ అనే నల్లజాతి యువకుడు తెల్లజాతి ప్రియురాలి తల్లిదండ్రులను చూడబోతాడు. ఎంతో మర్యాదస్తులు! తమవారి మెదడులను నల్లవారి బలమైన దేహాలలో అమర్చే ముఠా వారిది. క్రిస్ తప్పించుకొని, నెత్తుటి బట్టలతో రోడ్డుమీద ఉండగా, పోలీసు కారువంటి దీపాలు మెరుస్తాయి. అతడు చేతులు పైకెత్తుతాడు. ఇతర చిత్రాలలో ఆ దీపాలు కనబడితే ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకొంటాడు, ఇక్కడ బిగబట్టుతాడు. కారులోనుంచి దిగినవాడు క్రిస్ స్నేహితుడు.

పీల్ మొదట చిత్రీకరించిన ముగింపులో దిగినది పోలీసులే. అందులో క్రిస్ చెరసాల పాలవుతాడు.