ఇంటి గేటుకు మోటార్ పెట్టిస్తున్నారా? రిమోట్ కొనే ముందు ఈ పరీక్ష చేయండి..

రిమోట్ నొక్కగానే గేటు తెరుచుకోవాలి.. కారు దిగే పని ఉండొద్దు. కొత్తగా ఇల్లు కడుతున్న చాలామంది కోరిక ఇదే. కానీ మోటార్‌కు కళ్లు ఉండవు. గేటు దారిలో ఎవరున్నారో దానికదే తెలుసుకోలేదు. 2010లో బ్రిటన్‌లో వారం తిరగకముందే ఇద్దరు చిన్నారులు ఎలక్ట్రిక్ గేట్లలో చిక్కుకుని చనిపోయారు. ఒకరికి ఐదేళ్లు, మరొకరికి ఆరేళ్లు. అందుకే డబ్బులు కట్టే ముందు ఏమేం చూడాలో తెలుసుకుందాం.

స్లైడింగ్ గేటా? రెండు రెక్కల గేటా?

దీన్ని తేల్చేది మీ జాగానే. 12 అడుగుల స్లైడింగ్ గేటు పక్కకు జరగాలంటే గోడ వెంట కనీసం 12 అడుగులకు పైనే ఖాళీ కావాలి. రెండు రెక్కల గేటైతే ఒక్కో రెక్క ఆరడుగులు. అది లోపలికి తిరిగేంత చోటు వదలాలి. లోపలికి నేల ఎత్తుగా ఉంటే రెక్క కింద తగులుతుంది. అలాంటప్పుడు స్లైడింగే నయం. ఏ గేటైనా రోడ్డు మీదికి తెరుచుకోవద్దు.

నిండా రేకు కొట్టిన గేటుకు గాలి ఎక్కువ తగులుతుంది. ఎండాకాలం గాలిదుమారాలకు రెక్కల గేటు మోటార్ మీద భారం పడుతుంది. మధ్యమధ్య సందులుండే కడ్డీల గేటుకు ఆ ఇబ్బంది తక్కువ.

నల్లరేగడి నేలైతే జాగ్రత్త

ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేలలు ఎక్కువ. ఈ నేల వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం పగుళ్లిస్తుంది. పునాది పైపైనే వేస్తే పిల్లర్ ఒరుగుతుంది, పట్టా వంకర పోతుంది. గేటు ఇరుక్కుంటే ఆ బరువంతా మోటారే మోయాలి. పిల్లర్లకు లోతైన పునాది వేయించండి. మోటార్‌ను నీళ్లు నిలిచే చోట కాకుండా ఎత్తు దిమ్మె మీద పెట్టించండి.

ఇవి లేకుంటే మోటార్ వద్దు

* స్లైడింగ్ గేటుకు రెండు చివర్లా గట్టి స్టాపర్లు, పడిపోకుండా పైన గైడ్ రోలర్లు ఉండాలి. పట్టా దాటితే వందల కిలోల గేటు మనిషి మీద పడుతుంది.
* ఎవరైనా అడ్డొస్తే గేటును ఆపే ఫొటో సెన్సర్లు తప్పనిసరి. ఖర్చు తగ్గుతుందని వీటిని వదిలేయొద్దు.
* మోటార్ సామర్థ్యం గేటు బరువు కంటే ఎక్కువ ఉండాలి. 400 కిలోల గేటుకు 600 కిలోల మోటార్ తీసుకోవడం మేలు.
* ఎర్తింగ్ ఉండాలి. వైర్లు పైపులోంచే రావాలి. కోతుల బెడద ఉన్న కాలనీల్లో వేలాడే వైర్లు మిగలవు.

కరెంట్ పోతే ఎట్లా?

బ్యాటరీ బ్యాకప్ ఉంటే మంచిది. అది కూడా అయిపోతే మోటార్‌ను విడదీసే తాళంచెవి ఉంటుంది. అది ఎక్కడుందో, ఎట్లా తిప్పాలో ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలిసి ఉండాలి.

ఇక అసలు పరీక్ష. మోటార్ బిగించే ముందు గేటును ఒక్క చేత్తో తోసి చూడండి. సాఫీగా కదలకపోతే ముందు వెల్డర్‌ను పిలవండి. బిగించాక గేటు మూసుకుంటుండగా ఖాళీ అట్టపెట్టెను దారిలోకి తోయండి. గేటు ఆగాలి, లేదా వెనక్కి వెళ్లాలి. నెలకోసారి ఇదే చేయండి. పెట్టె నలిగిందంటే.. బాగు చేయించేదాకా మోటార్ బంద్ పెట్టి, గేటును చేత్తోనే తీయండి. రిమోట్ మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు.